చేతులు ఆరేదాకా

ఒక ఆడపిల్ల కోసం రాఘవులు తువ్వాలు ఉతికించి ఇస్త్రీ చేయించడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ పిల్ల దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోలేదు.

అప్పటికి బస్తర్ ఇంకా రాజ్యమే. భోపాల్‌పట్నం జమీందారీ దవాఖానలో డాక్టరు రామనర్సయ్య గారు, ఆయన కింద కాంపౌండరు రాఘవులు, ఆ ఇద్దరి మీదా పెత్తనం చేస్తూ నీళ్లు మోసే ముసలయ్య. అంతే సిబ్బంది. ఆడవాళ్ల కాన్పులు చూడడానికి రాజమండ్రిలో చదువుకున్న నర్సు వస్తోందని కచేరీ మేనేజరు కబురు చేసిన దగ్గర్నుంచి రాఘవులు కాలు ఒకచోట నిలవలేదు. మందు సీసాలన్నీ తళతళా తుడిచాడు. చొక్కాకు ఊడిన గుండీలు కుట్టించుకున్నాడు. గోడ మేకుకు వేలాడే తువ్వాలుకు, అంటే దవాఖాన మొత్తానికీ ఉన్న ఆ ఒక్క తువ్వాలుకు, గంజి పెట్టించాడు.

ఆమె వచ్చిన రోజు కుండపోత వాన. గోదావరి మీద పడవలో కొంత, ఎడ్లబండిలో కొంత ప్రయాణం చేసి, మోకాళ్ల దాకా బురదతో దిగింది. పేరు చూడామణి. మనిషి సన్నగా, చామనఛాయగా ఉంది. కళ్లు మాత్రం వాన తనను కాదు, తనే వానను తడిపి వచ్చినట్టు ధీమాగా ఉన్నాయి.

దిగీ దిగగానే అడిగింది. "సబ్బు ఉందాండీ?"

ముసలయ్య చెంబుతో నీళ్లు పోశాడు. ఆమె చేతులు కడగడం మొదలుపెట్టింది. అరచేతులు, వాటి వెనక, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల చివర్లు. ముసలయ్య చెంబు మీద చెంబు పోస్తూనే ఉన్నాడు. ఎట్టకేలకు కడగడం ఆగింది. రాఘవులు రెండు చేతుల మీదా ఆ తువ్వాలు పరిచి, శాలువా కప్పబోయేవాడిలా వినయంగా ముందుకొచ్చాడు.

ఆ వైపు ఇళ్లలో చుట్టం గడపలోకి వస్తే ముందు నీళ్లు, ఆ వెంటనే తువ్వాలు. అది అందుకున్నాకే క్షేమసమాచారాలు.

"ఇది ఎవరెవరు వాడతారండీ?" అంది చూడామణి.

"అందరం!" అన్నాడు రాఘవులు గర్వంగా. "డాక్టరు సాబు, నేను, పెద్దమనుషులు ఎవరొచ్చినా గిదే. పొద్దుగాలనే ఉతికిపించిన."

"పొద్దుటి నుంచి ఎవరూ తుడుచుకోలేదా?"

"డాక్టరు సాబు తుడ్సుకున్నరు. ఒక పుండుకు కట్టుగట్టి నేను తుడ్సుకున్న. గంతే."

"అయితే వద్దండి."

రెండు చేతులూ మోచేతుల దగ్గర మడిచి, వేళ్లు పైకెత్తి, ఆమె అలాగే నిలబడిపోయింది. నీళ్లు మోచేతుల మీంచి నేల మీద టపటపా రాలుతున్నాయి.

ముసలయ్య రాఘవులు చెవిలో గుసగుసగా అడిగాడు. "ఏందిరా, అమ్మ దేవునికి మొక్కుతున్నదా?"

 రాఘవులు గంజి పెట్టిన తువ్వాలును మడతపెట్టి మేకుకు తగిలించాడు. ఇంత గీర ఉన్న మనిషిని జన్మలో చూడలేదనుకున్నాడు. ఆ మోచేతులు మాత్రం ఆ సాయంత్రమంతా కళ్లముందు ఆడుతూనే ఉన్నాయి. అందుకు అతనికి ఇంకా కోపం వచ్చింది.

మర్నాడు దవాఖానకు వచ్చేసరికి మేకు ఖాళీగా ఉంది.

"తువ్వాలేది?"

"ఉడుకుతోంది," అంది చూడామణి కుండ వైపు చూపిస్తూ.

"అన్నం ఉడుకుతది, పప్పు ఉడుకుతది. తువ్వాలు ఉడుకుడేంది?"

"ఉడికాక దాన్ని ముక్కలు చేస్తాను. అరచేతంత ముక్కలు. ఒకసారి చెయ్యి తుడుచుకుంటే ఒక ముక్క. మళ్లీ ఉడకబెట్టందే ఇంకొకరు ముట్టుకోకూడదు."

"ముక్కలా!" రాఘవులు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "గంజి పెట్టించిన తువ్వాలును!"

"కాంపౌండరు గారూ, మీరు పుండు కడిగారు. చెయ్యి కడుక్కున్నారు. బాగుంది. ఆ తువ్వాలుకు తుడిచారు. అంతకుముందు డాక్టరు గారి చేతికున్నదంతా మీ చేతికొచ్చింది. ఇక కడిగి లాభమేముంది?"

"అయితే తుడ్సకుండ తడి చేతులతోనే పని చెయ్యాల్నా?"

"అది ఇంకా ప్రమాదం. పొడి చేతికన్నా తడి చేతికే ఏదైనా త్వరగా అంటుకుంటుంది. కడిగిన చెయ్యి ఆరాలి. శుభ్రమైన గుడ్డ ఉంటే గుడ్డతో, లేకపోతే గాలికి. ఆరేదాకా దేన్నీ ముట్టకూడదు."

లోపల్నుంచి డాక్టరు రామనర్సయ్య గారు పొడుం పీల్చి తుమ్మి, నవ్వారు. "మాకూ చదువుకునే రోజుల్లో ఇదే చెప్పారమ్మా. ఇక్కడికొచ్చి మరచిపోయాను. రాఘవులూ, కత్తెరియ్యి."

రాఘవులు కత్తెరిచ్చాడు. తన చేతులతోనే ఇచ్చాడు. అదే అతని కడుపుమంట.

అయితే వాన ఒకటి ఉందని చూడామణి లెక్కలోకి తీసుకోలేదు. ఆ అడవి ఊళ్లో వాన పట్టిందంటే ఇక ముసురే. ఉడకబెట్టిన గుడ్డముక్కలు వరండా తాడు మీద పొద్దంతా వేలాడినా తడి తడిగానే ఉండేవి. గుడ్డ ఆరదు, తడి గుడ్డతో తుడవకూడదు, కాబట్టి ఆమె చేతులెత్తి నిలబడడమే మిగిలింది. రోగిని చూసే ముందు, చూశాక, కట్టు కట్టే ముందు, కట్టాక.

చేతులు ఆరేదాకా ఆమెకు వేరే పని ఉండదు. ఆమెను చూడకుండా ఉండడం తప్ప రాఘవులుకూ వేరే పని ఉండదు. ఆ పని అతనికి ఎంతమాత్రం చేతకాలేదు.

ఒకరోజు అలా నిలబడి ఉండగా ముక్కు మీద ఈగ వాలింది. ఆమె తల విదిలించింది. ఈగ లేచి మళ్లీ అక్కడే వాలింది.

"కాంపౌండరు గారూ!"

"ఊ?"

"ఈగండీ!"

"చూస్తున్న."

"చూడ్డం కాదు, తోలండి!"

"దేంతోని తోలాలె? నా చేతులు కడుక్కోలే గద. మళ్ల మీరే అంటరు."

"ముక్కు మీద ఈగను తోలడానికి చేతులు కడగక్కర్లేదు!"

"గిదెక్కడ రాసున్నది?"

ఆమెకు నవ్వాగలేదు. నవ్వుతుంటే చేతులు కిందికి జారిపోతాయేమోనని ఇంకా పైకెత్తింది. రాఘవులు విసనకర్రతో విసిరాడు. ఈగ పోయింది. అతను విసరడం ఆపలేదు.

"పోయిందండీ," అంది చూడామణి కాసేపటికి.

"చేతులు జల్ది ఆరుతయ్ గదా అని," అన్నాడు రాఘవులు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అప్పట్నుంచి ఆ కాస్త సమయం వాళ్లదైపోయింది. ఆమె రాజమండ్రిలో తన అన్నగారి కొట్టు గురించి చెప్పేది. అతను జగదల్‌పూర్‌లో మందులు కలపడం నేర్చుకున్న రోజుల గురించి చెప్పేవాడు. అతని "ఏంది"ని ఆమె వెక్కిరించేది, ఆమె "అండీ"ని అతను వెక్కిరించేవాడు. చేతులు ఆరిపోయినా ఒక్కోసారి ఆమె దింపేది కాదు. ఆ సంగతి అతను కనిపెట్టాడు. కనిపెట్టినట్టు చెప్పలేదు.

తర్వాత అతనికి ఒక ఉపాయం తోచింది. చాకలి దగ్గర బొగ్గుల ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చి, ఉడికిన గుడ్డలను తడి మీదే ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాడు. మొదటిరోజు బొగ్గు ఊదబోయి మసంతా గుడ్డల మీద పోశాడు. చూడామణి మళ్లీ ఉడకబెట్టింది. రెండోసారి సరిగ్గా కుదిరింది. వేడి వేడిగా, పొడిపొడిగా ఉన్న ముక్కలను రేకు డబ్బాలో పెట్టి మూతవేసి ఆమె ముందుంచాడు.

"ఇది మీకు ఎవరు చెప్పారు?" అంది ఆమె.

"ఎవరు చెప్తరు? రోజూ చేతులెత్తి నిలబడి మీకు భుజాలు నొయ్యవా?"

ఆమె డబ్బా మూత తెరిచి చూసి, మళ్లీ మూసింది. ఆ సాయంత్రం ఊరంతా ఒకటే మాట. కాంపౌండరు ఇస్త్రీపెట్టె పట్టిండట! ముసలయ్య ఆ వార్త మోసినంత శ్రద్ధగా నీళ్లెప్పుడూ మోయలేదు.

ఇంత జరిగినా అసలు పని మాత్రం జరగడం లేదు. కాన్పుకని చూడామణిని పిలిచే ఇల్లు ఒక్కటీ లేదు. కచేరీ మేనేజరు ముందే చెప్పాడు. "వానలు వెలిసి జగదల్‌పూర్ బాట తెరిచేదాకా చూస్తాను. ఎవరికీ అక్కర లేకపోతే నర్సును అక్కడికే పంపేస్తాను." ఊరందరూ వాన ఎప్పుడు తెరిపిస్తుందా అని చూస్తుంటే, రాఘవులు ఒక్కడు మబ్బు పలచబడితే దిగులు పడేవాడు.

ఆ ఊళ్లో పురుడంటే భద్రమ్మే. రాఘవులు తల్లి. మంత్రసానితనంలో ఆమె చేతి మీద పుట్టని పిల్లలు ఆ చుట్టుపక్కల తక్కువ. మేనేజరు మీద రాఘవులుకు చెప్పలేనంత కోపం ఉన్నా, అసలు తాళం తన ఇంట్లోనే ఉందని అతనికి తెలుసు. తల్లి వెంటబడి బతిమాలాడు.

"ఒక్కసారి ఆమెను తోలుకపో అమ్మా. నీ పక్కన కూసుంటది, గంతే."

"ఎందుకురా నీకింత ఆరాటం?" అని అడిగి, కొడుకు ముఖం చూసి, భద్రమ్మ మెత్తబడింది. "సరే తియ్. తిరుపతమ్మ కోడలికి నొప్పులు మొదలైనయట. రమ్మను."

తిరుపతమ్మ ఇంటి నిండా ఆడవాళ్లు. చూడామణి వాకిట్లో చేతులు కడుక్కుంది. పిల్ల చక్కగా, ఒద్దికగా ఉందని భద్రమ్మకు ముచ్చటేసింది. కొంగు ముందుకు తీసి, "ఇటియ్యి బిడ్డా," అంటూ ఆ తడి చేతులను తన చేతుల్లోకి తీసుకుని తుడవబోయింది. కన్నకూతురికి తప్ప ఎవరికీ అలా చేయదు భద్రమ్మ.

చూడామణి ఉలిక్కిపడి చేతులు వెనక్కి లాక్కుంది.

అంతే.  అందరూ చూశారు. భద్రమ్మ కొంగు దులిపి భుజాన వేసుకుని లోపలికి వెళ్లి, ఒక్కతే పురుడు పోసింది. చూడామణి గుమ్మం బయటే చేతులెత్తి నిలబడి ఉండిపోయింది. ఆరిన చేతులతో చేయడానికి ఆమెకు పనేమీ మిగల్లేదు.

"నా కొంగు గంత పనికిరానిదారా?" ఇంటికొచ్చాక భద్రమ్మ కళ్లు చెమ్మగిల్లాయి. "బిడ్డా అని పిలిచిన. పాము మీద పడ్డట్టు గుంజుకున్నది."

అది కొంగు గురించి కాదని రాఘవులు నచ్చజెప్పబోయాడు. తల్లి వినలేదు. ఏడుపు పెద్దదయింది. తల్లి ఏడిస్తే అతను చూడలేడు. ఏదో ఒకటి అని ఊరుకోబెడదామని అనేశాడు.

"పోనీ తియ్ అమ్మా. వానలు ఎల్లంగనే ఆమె ఎట్లాగూ పోయేటిదే. నువ్వెందుకు మనసు కష్టపెట్టుకుంటవ్?"

దడి అవతల గొడుగు కింద ఎవరో నిలబడి ఉండడం అతను చూడలేదు. భద్రమ్మకు క్షమాపణ చెప్పుకుందామని వచ్చిన చూడామణి ఆ మాట వింది. విని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఆమె మారిపోయింది. "కాంపౌండరు గారూ" అనే పిలుపు ముందూ ఉండేది. అప్పుడు అందులో నవ్వు ఉండేది. ఇప్పుడు ఉత్త కాంపౌండరే మిగిలాడు.

దానికి తోడు ఎండ కాయడం మొదలైంది. తాడు మీద గుడ్డలు చిటికెలో ఫెళఫెళలాడుతూ ఆరిపోతున్నాయి. చూడామణి చేతులు కడుక్కునేది, డబ్బాలోంచి ముక్క తీసి తుడుచుకునేది, పనిలోకి వెళ్లిపోయేది. నిలబడడం లేదు, మాటల్లేవు, ఈగ లేదు. ఇస్త్రీపెట్టె మూలన పడింది. సూర్యుడి మీద అంత పగపట్టిన మనిషి ఆ ఏడు భోపాల్‌పట్నంలో ఇంకొకడు లేడు.

"ఏమైంది నర్సమ్మా, మాట్లాడరు?" అని ఒకసారి ధైర్యం చేశాడు.

"మాట్లాడ్డానికి ఏముందండీ? వానలు వెలిశాయిగా. వెళ్లేదాన్ని."

ఆ మాట ఎవరిదో ఆ తెలివిగలవాడికి తట్టలేదు. వెళ్లాలని ఆమెకే ఉందనుకున్నాడు. రాత్రి అన్నం సయించలేదు.

కార్తీకం వచ్చింది. ఉసిరికాయల కాలం. భద్రమ్మ పచ్చడి పెడుతోంది. వాకిట్లో ఎండకు పెట్టిన జాడీ, ఆరబెట్టిన గరిటె, చాటలో ఉప్పూకారం అన్నీ సిద్ధం. దవాఖానకు బయల్దేరుతూ రాఘవులు తల్లి వైపు చూసి ఆగిపోయాడు.

భద్రమ్మ చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, మోచేతులు మడిచి, వేళ్లు పైకెత్తి ఎండకు నిలబడి ఉంది.

 రాఘవులుకు నవ్వు వచ్చింది. గడప మీద కూలబడి మరీ నవ్వాడు.

"ఏందిరా, పొద్దుగాలనే పిచ్చి లేసిందా?"

"ఏం జేస్తున్నవే?"

"కండ్లు లేవా? చేతులు ఆరబెట్టుకుంటున్న. తడి చెయ్యి తగిల్తే పచ్చడి ఉంటదా?"

"మరి కొంగుకు తుడ్సుకోరాదు?"

"కొంగుకా!" భద్రమ్మ మండిపడింది. "కొంగుకు తుడ్సుకొని కలిపితే బూజు పట్టదా? పొద్దటి సంది పొయ్యికాడ, గొడ్లకాడ తిరిగిన కొంగు. దానికి ఏమేం అంటుకొని ఉన్నదో ఎవనికి ఎరుక? మీ అమ్మమ్మ నాకు నేర్పిందే..."

ఆమె మాట అక్కడే ఆగిపోయింది. ఎత్తిన చేతుల వైపు చూసుకుంది. భుజం మీది కొంగు వైపు చూసుకుంది. కొడుకు నవ్వడం మానేశాడు. ఇప్పుడు నవ్వితే చీపురు విరుగుతుందని అతనికి తెలుసు.

"ఆ పిల్ల నాకు గిట్ల చెప్తే ఏం పోయె?" అంది భద్రమ్మ చిన్న గొంతుతో.

"నువ్వు చెప్పనిచ్చినవా?"

"చెయ్యి గుంజుకున్నదిరా. నా బాధ నాది."

"తప్పా, ఒప్పా అని నేను అనలే అమ్మా. పచ్చడికైతే పట్టింపు ఉన్నది గదా అంటున్న. బాలింతకు ఉంటే మంచిదే గదా."

ఆమె ఇంకేదో అనబోయేంతలో ఊరవతల గూడెం నుంచి పొజ్జా పరుగెత్తుకుంటూ వచ్చాడు. దోర్ల తెగ రైతు. అతని పెళ్లాం పేరు కోసే, ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. భద్రమ్మ ముఖంలో రంగు మారింది. కిందటి కాన్పులో బిడ్డ బాగానే పుట్టింది గానీ, ఆ తర్వాత కోసేకు జ్వరం పట్టుకుంది. పక్కన కూర్చుని, తడిగుడ్డలు వేస్తూ, దిక్కున్న దేవుళ్లందరికీ మొక్కి ఆమెను చావు దగ్గర్నుంచి లాక్కొచ్చింది భద్రమ్మే. కోసే ఒళ్లు అలా కాలిపోవడం ఆమె ఇప్పటికీ మరువలేదు.

"అమ్మా, పచ్చడి?" అన్నాడు రాఘవులు.

"పచ్చడి ఎటన్న పోనీ! నువ్వు ఉరుకు. ఆ పిల్లను పిలుసుకరా. నేను పిలుస్తున్ననని చెప్పు. నేనే అని చెప్పు!"

చూడామణి మరో మాట అడగలేదు. సబ్బూ, గుడ్డల డబ్బా, కత్తెరా సంచిలో వేసుకుని నడిచింది.

పొజ్జా ఇంటి ముందు రాఘవులు నీళ్లు కాచాడు. భద్రమ్మ గాజులు తీసి కొడుకు చేతికిచ్చి, చూడామణి ఎదుటికొచ్చి కూర్చుంది. "నువ్వెట్ల కడుగుతవో గట్ల చూపెట్టు బిడ్డా," అంది. ఒకరి చేతుల మీద ఒకరు నీళ్లు పోసుకున్నారు. ఇద్దరూ చేతులు కడుక్కున్నారు. డబ్బాలో గుడ్డలు బిడ్డకు కావాలి, కాబట్టి ఎండలో చేతులెత్తి పక్కపక్కనే నిలబడ్డారు.

లోపల్నుంచి కోసే కేకేసింది. "ఏందమ్మా గది? మీ చేతులు ఆరేటాళ్లకు నా బిడ్డ నడుస్తది!"

"ఒచ్చినం, ఒచ్చినం! కొంచెం ఓపిక పట్టవే!" అని భద్రమ్మ అరిచింది. చూడామణి పక్కకు తిరిగి నవ్వింది. భద్రమ్మా నవ్వింది. "మిమ్మల్ని బాధపెట్టాలని కాదమ్మా, ఆ రోజు..." అని చూడామణి మొదలుపెడితే, "అయిపోయిందానికేం గని, ముందు దీని సంగతి చూద్దాం పద," అని భద్రమ్మ లోపలికి నడిచింది.

ఆడపిల్ల పుట్టింది. గుక్కపట్టి ఏడ్చింది. పొజ్జా రాఘవులును కౌగిలించుకున్నాడు. రాఘవులు చేతిలో తల్లి గాజులు గలగలలాడాయి.

అసలు భయం ఆ తర్వాత. భద్రమ్మ రోజూ పొద్దూ మాపూ గూడేనికి వెళ్లి, చేతులు కడిగి, ఆరబెట్టుకుని, కోసే నుదురు ముట్టి చూసేది. ఈసారి జ్వరం రాలేదు. పురిటిస్నానం అయిన నాడు భద్రమ్మ ఇల్లిల్లూ తిరిగి ఆ మాట చెప్పింది. "నుదురు సల్లగున్నదే! కాల్వల నీళ్ల లెక్క సల్లగున్నది!"

ఇక భద్రమ్మే పిలిచిన మనిషిని పిలవడానికి ఊరికి అభ్యంతరం ఏముంటుంది? దవాఖాన వరండా ఆడవాళ్లతో నిండిపోయింది.

సరిగ్గా అలా నిండిన రోజునే మేనేజరు బండి తోలుకుని వచ్చాడు. జగదల్‌పూర్ పెద్ద దవాఖానలో చూడామణికి ఉద్యోగం ఖాయం చేసి, ఆమె అంగీకారం కూడా వానలు వెలిసిన కొత్తలోనే తీసుకున్నాడు. ఆమె పెట్టె అప్పటికే బండిలోకి ఎక్కింది. వరండాలో జనాన్ని చూసి మేనేజరు తలపాగా సర్దుకున్నాడు.

"ఇదేమిటమ్మా, ఇంతమందా! నేను అక్కడివాళ్లకు మాటిచ్చేశానే. అయినా బలవంతం లేదు. అక్కడ జీతం ఎక్కువ, ఉండడానికి బంగళా. ఇక్కడ ఉంటానంటే ఇక్కడే ఉండు. నీ ఇష్టం."

"ఒక్క నిమిషం ఆగండి," అని చూడామణి లోపలికి వెళ్లింది.

రాఘవులు మందులు కలిపే బల్ల దగ్గర ఖాళీ కల్వంలో రోకలి తిప్పుతున్నాడు. నూరడానికి అందులో ఏమీ లేదు.

"విన్నారా?" అంది ఆమె.

"విన్న. పెద్ద దవాఖాన. మంచి జీతం."

"అవి మేనేజరు గారు చెప్పారు. మీరేం చెబుతారు?"

"నేనేం చెప్త? మీకే పోవాలని ఉన్నదాయె."

"నాకా?" చూడామణి కళ్లలో నీళ్లు తిరిగాయి. "వానలు వెలవగానే పోయేదే అని మీ అమ్మగారితో ఎవరన్నారు? దడి పక్కన నిలబడి నా చెవులతో విన్నాను. మీకే నేనొక వానాకాలం చుట్టాన్నైతే ఎవరి కోసం ఉండమంటారు?"

రాఘవులు చేతిలో రోకలి ఆగిపోయింది. ఇన్నాళ్ల ముభావం, ఆ కాంపౌండరు గారూ, ఆ ఎండ, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. తన తల మీద తనే ఆ రోకలితో ఒకటి వేసుకోవాలనిపించింది.

"అయ్యో! అది అమ్మ ఏడుస్తుంటే ఊకోబెట్టనీకి అన్న. అన్ననాటి సంది వాన ఆగొద్దని ఎంత మొక్కుకున్ననో నాకే ఎరుక. పొలాలున్నోళ్లు వింటే తంతరని ఎవ్వరికీ చెప్పలే." రోకలి బల్ల మీద పెట్టేశాడు. అక్కడితో ఆగలేదు. "పెద్ద జీతం నేనియ్యలేను. బంగళా లేదు. మా ఇంటికి రెండు గదులు, ఒక గొడ్లపాక. కానీ నువ్వు పోతే ఈ దవాఖానల నేను ఉండలేను. పోకు, చూడామణీ. నువ్వంటే నాకు చానా ఇష్టం. పోకు."

"మీరు" ఎప్పుడు "నువ్వు" అయిందో అతనికి తెలియలేదు. ఆమెకు తెలిసింది.

"ఈ ముక్క చెప్పడానికి బండి గుమ్మంలోకి రావాలా?" అంది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "రాజమండ్రిలో మా అన్నయ్యకు కబురు పెట్టాలి. ఆయన ఒప్పుకుంటాడు, ఎప్పుడూ నా మాట కాదనలేదు. ముందు బండిలోంచి నా పెట్టె దింపండి."

రాఘవులు గెంతుకుంటూ గుమ్మంలోకొచ్చాడు, వెనకే చూడామణి. పెట్టె బండిలో లేదు.

అది వరండా మెట్ల మీద ఉంది. దాని మీద భద్రమ్మ కూర్చుని ఉంది. ఒక చేత్తో మేనేజరు వైపు వేలు చూపిస్తూ, ఊరందరికీ వినబడేలా తగువేసుకుంటోంది.

"ఎవర్నడిగి ఎక్కించిన్రు బండి? మా ఇంటి కోడలిని నా ఎరుకలేకుండ జగదల్‌పూర్ తోలుకపోతరా?"

వరండాలో తలలన్నీ ఇటు తిరిగాయి.  డాక్టరు గారు లోపల్నుంచి తుమ్మారు.

"కోడలా?" అన్నాడు మేనేజరు. "పెళ్లెప్పుడైంది?"

"కాకపోతే కాదా ఏంది?" భద్రమ్మ గుమ్మంలో నిలబడ్డ జంటను అప్పుడే చూసింది. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. వెంటనే గొంతు తగ్గించి కొడుకును నిలదీసింది. "ఏరా, ఇంకా అడగలేదా? ఇన్నొద్దులు లోపల ఏం జేస్తున్నవ్?"

"ఇప్పుడే..." అని రాఘవులు నసిగాడు.

"అడిగారు అత్తయ్యా," అంది చూడామణి. "ఇప్పుడే అడిగారు."

"మరి నువ్వేమన్నవ్ బిడ్డా?"

చూడామణి మెట్లు దిగి వచ్చి, పెట్టె మీద భద్రమ్మ పక్కనే కూర్చుంది. ఆ పెద్దావిడ కాస్త జరిగి చోటిచ్చింది. వరండాలో ఆడవాళ్లంతా ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు.

మేనేజరు తలపాగా ఇంకోసారి సర్దుకుని బండివాడికి చెయ్యి ఊపాడు. ఖాళీ బండి జగదల్‌పూర్ బాట పట్టింది.